పోలీసు మిషన్‌కు గేటు చందా

"గవి చూసి మళ్ల బువ్వ ఎట్ల తింటవ్ బిడ్డా?"

ఠాణా వరండాలో బెంచీ మీద కూర్చున్న ముసలమ్మ అడిగిన మాట ఇది. అడిగింది హెడ్ కానిస్టేబుల్ రెజీనాను. సైబర్ సెల్‌లో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి ఆమె. అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీసింది.

"చెయ్యి కడుక్కొని తింట అవ్వా," అంది రెజీనా.

ముసలమ్మ నవ్వలేదు. నవ్వించాలని రెజీనా అనలేదు కూడా. ఆ పొద్దున ఆమె చూసి వచ్చింది ఆ ముసలమ్మ మనవరాలి ఫోటోలే.

మనవరాలి పేరు ఇక్కడ రాయడం లేదు. చట్టం వద్దంటుంది, చట్టం అనకపోయినా రాసే పని లేదు. ముసలమ్మను ఐలవ్వ అని, ఆమె కొడుకును, అంటే పిల్ల తండ్రిని, మొగిలి అని పిలుద్దాం. అవి వాళ్ల అసలు పేర్లు కావు. సెల్ ఏ ఠాణాలో ఉందో కూడా అడగకండి. గోదావరికి ఈ ఒడ్డునో ఆ ఒడ్డునో ఉంది.

రెజీనా పుట్టింది గోదావరిఖనిలో, కంపెనీ క్వార్టర్‌లో. తండ్రి యేసుదానం బొగ్గుబాయి మీద ల్యాంప్ రూమ్‌లో క్లర్కు. కిందికి దిగే ప్రతి మనిషికీ టోపీ లైటు ఇవ్వడం, పైకి వచ్చాక వాపసు తీసుకోవడం ఆయన డ్యూటీ. ఒక్క లైటు తిరిగి రాకపోయినా ఆ పూట ఇంటికి వచ్చేవాడు కాదు. కూతురు పెద్దపల్లిలో కంప్యూటర్లతో డిగ్రీ చేసి, కానిస్టేబుల్ పరీక్ష రాసి, కొన్నేళ్లు ఠాణా గుమ్మంలో "ఏం పనిమీద వచ్చిండ్రు?" అని అడిగే కుర్చీలో కూర్చుంది. టైపింగ్ జల్ది చేస్తుందని ఒక ఆఫీసరు సైబర్ సెల్‌లోకి మార్చాడు. ఇలాంటి జీవితాలు రాసేటప్పుడు ఇక్కడ సేవాభావం మీద ఒక పేరా వెయ్యడం ఆనవాయితీ. ఆమెకు సేవాభావం ఉందో లేదో తెలియదు. ఇంటి లోను ఉంది.

పని ఇది. పిల్లల ఫోటోలు ఆన్‌లైన్లో చేతులు మారినట్టు ఎక్కడో కంప్యూటర్లు పసిగడతాయి. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి జిల్లాలకు సమాచారం వస్తుంది: ఒక ఫోన్ నంబరు, ఒక టైము, దాంతోపాటు ఫోటో. ఇందులో ఉన్నది నిజంగా పిల్లేనని ఎవరో ఒకరు చూసి రాయాలి. ఆ ఎవరో ఒకరు రెజీనా. దానికి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఎవరిదో పెళ్లి కార్డు అట్టను రెండుగా కత్తిరించి దగ్గర ఉంచుకుంది. చూడాల్సింది ఒకసారి చూసి, రాయాల్సింది రాసి, ఆ తర్వాత స్క్రీన్ మీద పిల్ల ఉన్న చోట ఆ అట్ట అడ్డం పెట్టేస్తుంది. మిగిలింది చూస్తుంది: గోడ రంగు, కిటికీ ఊచలు, బకెట్, క్యాలెండరు. ఇల్లు ఎక్కడిదో చెప్పేవి అవే. ఈ పని చేసేవాళ్లకు నెలకోసారి మానసిక వైద్యుడితో మాట్లాడించాలని నిబంధన ఉంది. నిబంధన ఉంది, పోస్టు ఉంది, డాక్టరు లేడు.

మొగిలి కేసులో ఫోటోకు అట్ట అడ్డం పెట్టినప్పుడు మిగిలింది ఒక కిటికీ. రెజీనా చిన్నప్పుడు కూర్చుని చదువుకున్న కిటికీ అలాంటిదే. కంపెనీ క్వార్టర్లన్నింటికీ ఒకే తీరు కిటికీ. ఊరు తెలిసింది, ఇల్లు తెలియలేదు. ఇల్లు చెప్పింది ఫోన్ నంబరు. అది మొగిలి పేరు మీద ఉంది.

అందుకే ముందు తెచ్చి కూర్చోబెట్టింది మొగిలినే. బాయిలో పైకప్పు కూలకుండా దిమ్మలు నిలబెట్టే మనిషి. ఫోటోలు ఇతని ఫోన్ నుంచే పోయాయి కాబట్టి ఇతనే పంపాడని ఇన్‌స్పెక్టర్ వీరేందర్ అనుకున్నాడు. ఎవరైనా అదే అనుకుంటారు.

"పదకొండున్నరకు నీ నంబర్ నుంచి పోయినయ్. అప్పుడు ఎక్కడున్నవ్?"

"బాయిల ఉన్న సార్. ఫస్ట్ షిఫ్టు."

"ఫోన్?"

"ఇంట్ల. ఫోన్ కిందికి తీస్కపోనియ్యరు గద సార్. గ్యాస్ ఉంటది, నిప్పు రవ్వ లేస్తె అందరం పోతం. జేబుల దొరికితె సస్పెండే."

"ఎవని దగ్గర ఉంటది మరి?"

మొగిలి జవాబు చెప్పబోయి ఆగిపోయాడు. ఆగిపోయిన ఆ క్షణంలో అతనికి తెలిసింది. ఆ ముఖం చూసి రెజీనా లేచి మంచినీళ్లు తెచ్చింది.

బొగ్గు ఊళ్లలో ఇది ప్రతి ఇంట్లో జరిగేదే. బాయి దిగే మనిషి ఫోన్ ఇంట్లో వదిలి వెళ్తాడు. ఇల్లంటే చాలాసార్లు పిల్లలే. తల్లి ఉంటే వంటలోనో, పక్క కాలనీలో కుట్టు మిషన్ మీదో ఉంటుంది. మొగిలి భార్య చనిపోయి మూడేళ్లయింది; ఐలవ్వకు ఫోన్ ఎత్తడం తప్ప ఏమీ రాదు. బడి లేనప్పుడల్లా ఫోన్ పిల్ల చేతిలో ఉండేది. ఏదో ఆటలో "దీప" అనే అమ్మాయి పరిచయమైంది. మాది శ్రీరాంపూర్ అంది, మా నాన్నది కూడా బాయే అంది. దీప అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి: మీ నాన్నకు ఈ వారం ఏ షిఫ్టు? ఎనిమిదో తరగతి పిల్లకు అందులో అనుమానించాల్సింది ఏముంది? ఇక్కడ పెద్దవాళ్లు కూడా ఒకరినొకరు అడిగే మొదటి మాట అదే. వారం వారం మొగిలి షిఫ్టు మారింది. చాటింగ్ టైమూ దాంతోపాటే మారింది. ఫోటోలు అడిగారు, ఆ ఫోటోలు చూపి బెదిరించారు, బెదిరించి డబ్బు అడిగారు. తండ్రి ఫోన్‌లో తండ్రి బ్యాంకు ఉంది. పిల్ల కట్టింది.

కట్టిన డబ్బే మనిషిని పట్టించింది. దీప మంచిర్యాలలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే ఇరవయ్యారేళ్ల మగవాడు. తీసుకొచ్చారు, ఫోన్ గుంజుకున్నారు, జైలుకు పంపారు. ఫోన్‌కు లాక్ ఉంది. నంబరు చెప్పనన్నాడు. చెప్పకపోవడం వాడి హక్కు అన్నాడు వాడి వకీలు.

పిల్ల వాంగ్మూలం రాసుకున్నది రెజీనా. యూనిఫాం లేకుండా క్వార్టర్‌కు వెళ్లి, మంచం మీద పక్కన కూర్చుని రాసుకుంది. చివర్లో పిల్ల ఒక్కటే అడిగింది.

"అక్కా, గవి ఇంక ఎంతమంది దగ్గర ఉన్నయ్?"

"తెల్వది."

"ఎప్పుడు తెలుస్తది?"

"వాని ఫోన్ తెరిస్తె తెలుస్తది. తెలువంగనే చెప్త. ఎక్కడుంటె అక్కడ తీసేపిస్త."

మిగతా కథంతా ఈ ఫోన్ గురించే. అది తెరిస్తే ఫోటోలు ఎవరెవరికి చేరాయో, ఏ ఖాతాల్లో దాచాడో తెలుస్తుంది, వాటిని మూయించవచ్చు. తెరవకముందే వాడు బెయిలు మీద బయటికి వస్తే, కొత్త ఫోన్‌లో పాత ఖాతా తెరుచుకుంటాడు. అంతే లెక్క.

ఫోన్లు తెరిచే మిషన్ ఠాణాలో ఉంది. బీరువాలో, సూట్‌కేసంత పెట్టెలో. బాలల రక్షణ పథకం కింద వచ్చింది. పెద్దలు వచ్చి రిబ్బన్ కత్తిరించారు. మొదటి ఏడాది లైసెన్సు దాంతోపాటే ఇచ్చారు. ఆ తర్వాత ఏటా కట్టాలి. పథకంలో కేంద్రం వాటా కొంత, రాష్ట్రం వాటా కొంత. ఒక వాటా వచ్చి ఖాతాలో కూర్చుంది. రెండోది కలిస్తే తప్ప ఖర్చు పెట్టకూడదు. ఖర్చు పెట్టినట్టు పత్రం పంపితే తప్ప రెండోది రాదు. ఇది చదివి మీకు అర్థం కాలేదంటే తప్పు మీది కాదు. లైసెన్సు లేని మిషన్ ఆన్ చేస్తే తెర మీద దాన్ని అమ్మిన ఏజెన్సీ ఫోన్ నంబరు మాత్రం కనిపిస్తుంది. వాడి ఫోన్‌ను హైదరాబాదు ల్యాబుకు పంపొచ్చు. పంపారు. అక్కడ వరస ఏడాది పైన ఉందని జవాబు రావడంతో వాపసు తెప్పించుకున్నారు.

అదే నెలలో సెల్‌కు డబ్బు రానే వచ్చింది, అవగాహన వారోత్సవాలకు. ఫ్లెక్సీలు, టీషర్టులు, రెండు కిలోమీటర్ల పరుగు. "ఆ పైసల్ల కొన్ని లైసెన్సుకు కట్టరాదు సార్?" అని రెజీనా అడిగింది. "ప్రచారం పద్దు వేరే, పరికరాల పద్దు వేరే. ఆడిట్ల నా మెడకు పడతది," అన్నాడు వీరేందర్. చెడ్డవాడు కాదు. లైసెన్సు కోసం అప్పటికే ఐదు లేఖలు రాసి, రెండుసార్లు సొంత కారులో హైదరాబాదు వెళ్లి వచ్చాడు. పరుగు రోజున రెజీనా కూడా పసుపుపచ్చ టీషర్టు వేసుకుని పరుగెత్తింది. బాల్యాన్ని కాపాడుకుందాం అని వీపు మీద రాసి ఉంది.

మొగిలి షిఫ్టు దిగి ఠాణాకు వచ్చేవాడు. అడిగినప్పుడల్లా "ప్రాసెస్‌ల ఉంది" అని చెప్పడం పోలీసుల భాష. రెజీనా కూడా అదే చెప్పేది. ఒకరోజు ఆమె ఎవరి కూతురో అతనికి తెలిసింది.

"యేసుదానం సార్ బిడ్డవా నువ్వు? ల్యాంప్ రూమ్ యేసుదానం సార్? కొత్తగ బాయి దిగిన దినం నా నెత్తికి లైటు కట్టింది ఆయననే. చేతులు వణుకుతున్నయని నవ్విండు కూడ."

"గిప్పుడు కూడ అందర్ని చూసి నవ్వుతడు అన్నా. పింఛన్లకెక్కినా బుద్ధి మారలే."

"మరి నిజం చెప్పు చెల్లె. ఏమయితాంది?"

పోలీసు మేడం చెప్పకూడనిది యేసుదానం కూతురు చెప్పేసింది. "మిషన్ ఉంది అన్నా. పైసలు కట్టక బంద్ పడ్డది. సర్కార్ పైసలు ఇస్తలేదు. గంతే."

ఆమె గోడు వెళ్లబోసుకుంది. మొగిలి దాన్ని మందు చీటీలా పట్టుకుని వెళ్లిపోయాడు.

బాయిల మీద ఒక పద్ధతి ఉంది. మనిషి పోయినా, ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అయినా, షిఫ్టు మారే వేళ గేటు దగ్గర యూనియన్ నాయకుడు మైకు పట్టుకుంటాడు. ఫలానా మనిషి, ఫలానా కష్టం అని చెబుతాడు. కింద తువ్వాల పరుస్తారు. ఎన్నో ఇళ్లు ఆ తువ్వాల మీద నిలబడ్డాయి. ఇందులో ఒకటే నియమం, రాయని నియమం: ఎవరికి, ఎందుకు అన్నది చెప్పాలి. పేరు లేని కష్టానికి గేటు దగ్గర చందా పడదు.

ఆ బాయికి యూనియన్ పిట్ సెక్రటరీ నర్సింగం గొంతు సవరించుకున్నాడు. "కామ్రేడ్స్! మన సపోర్ట్‌మన్ మొగిలి బిడ్డ. తల్లి లేని పిల్ల. ఎవడో లుచ్చగాడు ఫోన్ల ఫోటోలు గుంజి ఆగం జేసిండు. వాడు దొరికిండు, వాని ఫోన్ దొరికింది. దాన్ని తెరిచే మిషన్‌కు సర్కార్ కాడ పైసలు లేవట! మనం తవ్విన బొగ్గుతోని రాష్ట్రమంత లైట్లు ఎల్గుతయ్, మన బిడ్డ మానం కాపాడనీకి మాత్రం పైసలు లేవు! మనం లేమా? తియ్యుండ్రి తలా మూడొందలు!"

మంచి ఉపన్యాసం. అందులో ఒక్క అబద్ధం లేదు. ఫోన్ కిందికి తీసుకుపోకూడదు కానీ గేటు దగ్గర ఉండొచ్చు. షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్లలో ఒకతను వీడియో తీశాడు. మొగిలి తువ్వాల పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నానికి ఆ వీడియో ప్రతి కాలనీ గ్రూపులో ఉంది.

సాయంత్రం అతను ఆ తువ్వాలను మూటకట్టి తెచ్చి వీరేందర్ టేబుల్ మీద పెట్టాడు. చాలా రోజుల తర్వాత ముఖం తేటగా ఉంది.

"మిషన్ నడిపియ్యుండ్రి సార్. తక్కువ పడితె శ్రీరాంపూర్ గేటు కాడ కూడ అడుగుతమన్నడు నర్సింగమన్న."

వీరేందర్ మూట వంక, తలుపు వంక చూశాడు. "ముందు గది కిందికి దించు మొగిలన్నా. ఎవడన్న ఫోటో తీస్తె నేను లంచం కేసుల పోత."

"లంచం కాదు సార్, చందా."

"పోలీసులకు చందా తీస్కునే కానూన్ లేదే!"

రెజీనా అప్పటికే వీడియో చూసింది. చూసి, గోడకు ఆనుకుని నిలబడింది. "అన్నా," అంది, "మైకుల ఎందుకు చెప్పిచ్చినవ్?"

"చెప్పకుంటె ఎట్ల ఇస్తరు చెల్లె?"

"ఇసొంటి కేసుల పిల్ల ఎవరో బయటికి చెప్పుడు నేరం," అన్నాడు వీరేందర్. "కానూన్ ప్రకారమైతె నేనిప్పుడు నర్సింగం మీద, నీ మీద కేసు రాయాలె."

"బిడ్డ పేరు చెప్పలే సార్. నా పేరే చెప్పిండు."

ఆ మాట మొగిలి తనకు తానే మళ్లీ విన్నాడు. మూట చేతుల్లోకి తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వీరేందర్ కేసు రాయలేదు. రాయనందుకు రేపు అతని మీద కూడా రాయవచ్చు. చందా వాపసు ఇస్తామంటే బాయి మీద ఎవరూ తీసుకోలేదు. ఇచ్చిన చందా వెనక్కి తీసుకోవడం అక్కడ చావును కోరినట్టు.

పిల్ల మర్నాటి నుంచి బడికి పోలేదు. తోటిపిల్లలు ఏమీ అనలేదట. చుట్టూ చేరి జాలిగా చూశారట, అంతే.

బెయిలు పిటిషన్ రెండుసార్లు కొట్టేశారు. మూడోసారి జడ్జి అడిగింది ఒకే మాట: నిందితుడి ఫోన్‌లో ఏమున్నట్టు తేలింది? రిపోర్టు ఇంకా రాలేదని ప్రాసిక్యూటర్ చెప్పాడు. ఎప్పుడు వస్తుంది? ప్రాసిక్యూటర్ వెనక్కి తిరిగి రెజీనా వైపు చూశాడు. చెప్పలేమని ఆమె తల ఊపింది. మనిషి ఎంతకాలం లోపల ఉండాలో చెప్పలేకపోతే బయట ఉండాల్సిందే. జడ్జి తప్పేమీ చెయ్యలేదు. ఈ కథలో తప్పు చేసినవాడు ఒక్కడే. మిగతా అందరూ తమ తమ పద్ధతి ప్రకారం సరిగ్గానే నడుచుకున్నారు.

గేటు వీడియో కింద యూనియన్ గ్రూపులో చేరే లింకు ఉంది, కొత్త కార్మికుల కోసం పెట్టింది. వాడు బయటికి వచ్చిన వారం లోపలే ఎవరిదో తెలియని విదేశీ నంబరు ఒకటి ఆ లింకు నొక్కి గ్రూపులో చేరింది. ఫోటోలు పెట్టింది. వెళ్లిపోయింది. అప్పుడు మొగిలి బాయిలో ఉన్నాడు. పైకి వచ్చి లైటు అప్పజెప్పేటప్పుడు ఎవరూ అతని కళ్లలోకి చూడలేదు.

రెజీనా క్వార్టర్ క్వార్టర్‌కూ తిరిగింది. ఆ నంబరును, బెయిలు మీద ఉన్నవాణ్ని ముడివేయాలంటే ఫోటోలు చేరిన ఫోన్లు కావాలి, తీసేయకుండా ఉన్న ఫోన్లు. ప్రతి గుమ్మంలో ఒకే జవాబు.

"డిలీట్ కొట్టిన మేడం. మన పిల్ల గద. ఎట్ల ఉంచుకుంట?"

"చూడంగనే తీసేసిన. ఒట్టు. సరిగ్గ చూడనే లేదు."

నర్సింగం అయితే గ్రూపునే రద్దు చేసేశాడు. "నా చేతులతోని నేనే చేసిన అక్కా," అని ఏడ్చాడు. ఏ పని గురించి అన్నాడో రెజీనా అడగలేదు. తీసేసినవాటిని తిరిగి బయటికి లాగగలిగేది కూడా బీరువాలోని ఆ పెట్టే.

ఆ రాత్రి మొగిలి ఇంట్లో జరిగింది రాయాల్సిన పని లేదు. పిల్ల బతికే ఉంది. ఇప్పుడు మేనత్త దగ్గర ఉంటోంది, వేరే జిల్లాలో, వేరే పేరుతో పిలుస్తున్నారు. ఐలవ్వ కూడా వెంట వెళ్లింది. మొగిలి క్వార్టర్‌లో ఒక్కడే ఉంటాడు. రాత్రి షిఫ్టు అడిగి వేయించుకుంటున్నాడు.

పోలీసు మిషన్‌కు కార్మికులు చందా వేశారన్న వార్త ఒక పేపర్లో తువ్వాల ఫోటోతో పడింది. పైవాళ్లకు సిగ్గేసింది. ఐదు లేఖలకు కదలనిది ఒక్క ఫోటోకు కదిలింది. లైసెన్సుకు మంజూరు ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు మాత్రమే; డబ్బు ట్రెజరీ నుంచి తర్వాత వస్తుంది. ఆ కాగితం చూపించి వీరేందర్ బతిమాలితే, హైదరాబాదు ఏజెన్సీ వాళ్లు పదిహేను రోజులకు తాత్కాలిక లైసెన్సు ఇచ్చారు.

ఫోన్ తెరుచుకుంది.

రెజీనా అట్టముక్క తీసుకుని కూర్చుంది. మొగిలి బిడ్డ ఒక్కతే కాదు. అట్ట పెట్టిన ప్రతిసారీ మిగిలింది అదే కిటికీ. మరో గోడ, మరో బకెట్, అదే కిటికీ. ఫోటోలు డబ్బు కట్టి చేరే రెండు గ్రూపులకు పోయాయి. అక్కడ ఎంతమంది ఉన్నారో లెక్క లేదు, వాళ్లు ఇంకెంతమందికి ఇచ్చారో లెక్క అసలే లేదు. నలుగురు పిల్లల ఇళ్లు కనుక్కోగలిగింది. ఈసారి ఎవరి తండ్రికీ ఏమీ వివరించలేదు. బెయిలు రద్దు చేయమని పిటిషన్ వేశారు, వాయిదా పడింది. మిగతా పిల్లల సంగతి చూస్తుండగా లైసెన్సు గడువు అయిపోయింది. తెర మీద మళ్లీ ఏజెన్సీ నంబరు.

ఫోన్ చేస్తే అవతలి కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "ఉత్తర్వు కాగితం చూపిస్తే మా వాళ్లకు జీతాలు ఇవ్వలేం కదా మేడం. పైసలు పడిన రోజే ఆన్ చేస్తాం."

"ఇంక పిల్లలున్నరు తమ్మీ, లోపల."

"తెలుసు మేడం."

మేనత్త ఇంటికి ఫోన్ చేసి పిల్లకు ఇచ్చిన మాట ప్రకారం జవాబు చెప్పాలి. రెజీనా రెండుసార్లు నంబరు కలిపింది. రెండుసార్లూ పిల్ల గొంతు వినగానే బాగున్నవా, తిన్నవా అని అడిగి పెట్టేసింది.

ఏజెన్సీకి ప్రభుత్వం కట్టాల్సింది ఐదు లక్షల నలభై వేలు. ఇప్పటివరకు ఒక్క రూపాయి విడుదల కాలేదు.